చిన్న పనులకు ఒక మడత కత్తి

లె ఫావ్, ఓబ్రాక్ మెట్ట
6 మార్చి 1961

పెదనాన్నకు లియోనీ నమస్కారాలు.

పెళ్లయి ఈ మెట్టకు వచ్చిన పద్నాలుగేళ్లలో నేను మీకు రాసినవి నాలుగు ఉత్తరాలు. అందులో రెండు చావు కబుర్లు. అందుకని ముందే చెబుతున్నాను, కంగారు పడకండి, ఇక్కడ ఎవరూ పోలేదు. నాకు ఒక మడత కత్తి కావాలి, అంతే.

వంటింటి కత్తి కాదు. జేబులో పెట్టుకునేది, కాస్త ఖరీదైనది, మంచిది. ఇంతవరకు నాకంటూ కత్తి లేదు. ఏది మంచిదో, ఏది కాదో తెలియదు. బరువు పనులకు అక్కర్లేదు. రొట్టె, జున్ను, ఒక ఆపిల్ పండు, దారం ముక్క, ఉత్తరాల కవర్లు. అలాంటి చిన్న పనులకే.

సంతకు వచ్చిన ఒక వర్తకుడు బొమ్మల జాబితా ఇచ్చి వెళ్లాడు. అందులో మూడు నచ్చాయి, గీత గీసి పంపుతున్నాను. ఒకటి ఏనుగు దంతం పిడిది. వీపు మీద తేనెటీగ బొమ్మ, సీసా బిరడా ఊడలాగే మెలిక కూడా ఉన్నాయి. రెండోది తుప్పు పట్టని కొత్త రకం ఉక్కు, ఎర్ర పిడి. మూడోది కోసే అలుగు పొడవునా పూలతీగ చెక్కినది. మీరు నలభై ఎనిమిదేళ్లు కత్తులు బిగించినవారు. ఏది తీసుకోమంటారు? మందలు కొండెక్కే ముందు, అంటే పెంతెకోస్తు ఆదివారానికి, నా చేతిలో ఉండాలి.

మా అమ్మాయి ఓదిల్‌కు పదకొండో ఏడు. బాగా చదువుతోంది. మామగారు కులాసా.

లియోనీ


తియేర్
14 మార్చి 1961

లియోనీకి,

నీ జాబితా చూసి కడుపుబ్బ నవ్వాను. నవ్వడం అయ్యాక పొయ్యి రాజెయ్యమని కోడలికిచ్చాను. ఆ కాగితం దానికైనా పనికొచ్చింది. దాంట్లోని కత్తులు దానికీ పనికిరావు.

నీ మొదటి కత్తి సంగతి. ఏనుగు దంతమట! ఆ ధరకు దంతం ఇచ్చేవాడు ఆ ఏనుగును ఎక్కడ కట్టేశాడో అడగాల్సింది. అది ఉడకబెట్టిన ఎముక. రెండు చలికాలాల్లో పసుపెక్కి బీటలిస్తుంది. ఇక ఆ బిరడా మెలిక. చిన్న పనులకని రాశావు, నువ్వు రోజుకెన్ని సీసాలు ఖాళీ చేస్తున్నావమ్మా? అది జేబును చింపుతుంది, పిడిని లావు చేస్తుంది, పట్టుకున్న వేలిని గీరుతుంది. హోటల్లో వడ్డించేవాడికి అవసరం, ఇంకెవడికీ కాదు. రెండోది తుప్పు పట్టదు, నిజమే. పదును కూడా పట్టదు. వాడాక గుడ్డతో తుడుచుకోవడానికి బద్ధకించే పట్నం గుమాస్తాల కోసం పుట్టిన ఉక్కు అది. మూడోదాని మీద పూలతీగ ఎందుకు చెక్కారో తెలుసా? అలుగు వంకరగా సాన పట్టారు కనుక. చూసేవాడి కన్ను పూల మీదికి పోతే వంకర మీదికి పోదు. పైన పటారం, లోన లొటారం.

ఇంకో మాట. మీ మెట్ట పేరు పెట్టుకుని అమ్ముడుపోయే కత్తులన్నీ ఇక్కడ మా ఏటి ఒడ్డున పుట్టినవే. మీవాళ్లకు ఆవు తోక పట్టుకోవడం తప్ప ఏం చేతనవునని? మీ నాన్న, అంటే నా తమ్ముడు, ఏటి మీద బల్లకు బోర్లా పడుకుని, చలికి కాళ్ల మీద కుక్కను ఎక్కించుకుని ముప్పై ఏళ్లు సాన పట్టాడు. ఆ దుమ్ముకే ఊపిరితిత్తులు పోయి చచ్చాడు. అలాంటివాడి కూతురు సంతలో బొమ్మ చూసి కత్తి ఎంచుకుంటోంది! వాడు బతికి ఉంటే మళ్లీ చచ్చేవాడు.

కత్తి ఎంచుకోవడం ఎలాగో రాస్తాను, బుర్రకెక్కించుకో. మూసి వెలుతురుకు ఎత్తి పట్టుకో. అలుగు పిడి రెండు చెంపలకూ తగలకుండా నడిమధ్యన పడుకోవాలి. తెరిచి అటూ ఇటూ ఊపు. వెంట్రుకంత కదిలినా వాడి మొహాన కొట్టు. వెనక కమానుకూ, అదే స్ప్రింగుకూ, అలుగుకూ మధ్య వెలుతురు కనపడకూడదు. కళ్లు మూసుకుని, పిడి ఇనుమును కలిసే చోట గోరు రాయి. గోరు ఆగిందంటే పనివాడు తొందరపడ్డాడన్నమాట. మూసిన కత్తి నీ అరచేతి వెడల్పుకు బొటనవేలి గోరంత మించాలి, అంతకన్నా అక్కర్లేదు. నీవి చిన్న చేతులు.

అయినా ఇవన్నీ నీకెందుకు! నేనే చేస్తాను. పని మానేశానే గాని చేతులు పడిపోలేదు. అరచేతి కొలత పంపు. ఏ చేత్తో తెరుస్తావు, ఎక్కడ పెట్టుకుంటావు రాయి. వాడాక తుడుస్తావా లేదా, అది కూడా రాయి. తుడవనంటే మాత్రం ఆ ఎర్ర పిడిదే కొనుక్కో, మళ్లీ నాకు ఉత్తరం రాయకు.

సూపు చల్లారిపోతోంది. కోడలు బెర్త్ ఎప్పుడూ ఇంతే, పిలవడానికి ముందే వడ్డించేస్తుంది.

ఆంబ్రోజ్


లె ఫావ్
27 మార్చి 1961

పెదనాన్నకు,

తిట్లన్నీ అందాయి. ఒక్కటి కూడా దారిలో పడిపోలేదు.

ఈ కవర్లో ఉన్న నీలం దారం నా అరచేతి వెడల్పు. కుడిచేత్తో తెరుస్తాను. అప్రాను జేబులో పెట్టుకుంటాను. ఇరవై ఆవుల పొదుగులు రోజుకు రెండుసార్లు తుడుస్తున్నాను, ఒక కత్తిని తుడవలేనా?

బిరడా మెలిక వద్దు. పూలూ వద్దు. ఒక్కటి మాత్రం కావాలి. మూసినప్పుడు గట్టిగా చప్పుడు రావాలి. పొడవాటి బల్ల చుట్టూ పన్నెండు మంది కూర్చుంటే ఆ చివర ఉన్నవాడికి కూడా వినపడాలి. అలాంటి కత్తి చేయడం కుదురుతుందా?

లియోనీ


తియేర్
5 ఏప్రిల్ 1961

లియోనీ అమ్మగారికి,

కుదురుతుంది. మెడలో గంట కట్టుకుంటే ఇంకా బాగా కుదురుతుంది, మీ ఊళ్లో ఆవులకు కడతారుగా.

మంచి కత్తి మూసినప్పుడు ఆ చప్పుడు మూసినవాడికే తెలియాలి. బొటనవేలితో అలుగును చివరిదాకా పట్టి దించాలి, పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు. వదిలేస్తే ఏమవుతుందో తెలుసా? అలుగు టప్పున పడి, వాదర వెళ్లి లోపలి కమానుకు కొట్టుకుంటుంది. అంచు మీద గంటు పడుతుంది. ఎదుటివాడి కత్తిలో ఆ గంటు కనపడితే చాలు, మేం ఆ మనిషితో ఇక మాట్లాడం. అలా టపటపలాడించేవాళ్లు ఇద్దరే ఉంటారు, సంతలో కత్తులమ్మేవాడు, దాన్ని చూసి నోరు తెరిచేవాడు. నా తమ్ముడి కూతురు ఈ రెంటిలో ఏ జాతో నాకు అర్థం కావడం లేదు.

భోజనం దగ్గర ఈ సంగతి చెబితే మా అబ్బాయి నవ్వలేక చచ్చాడు. బెర్త్ మాత్రం పొయ్యి దగ్గర నిలబడి, "ఆవిడకు ఎంత చప్పుడు కావాలో అంత చప్పుడు పెట్టి ఇవ్వండి, మీదేం పోయింది?" అంది. దాని సలహా ఎవరడిగారు?

పన్నెండు మంది బల్ల అంటే మీ మామగారి బల్లే అయి ఉంటుంది. అక్కడ ఆడవాళ్లు కత్తి తీయరని నాకు తెలుసు. నీ పెళ్లికి వచ్చి తిన్నానుగా. ఆ సాగదీసే బంగాళదుంప ముద్ద ఇంకా నా కడుపులోనే ఉంది. ఎవరికి వినిపించాలని నీ తాపత్రయం? మళ్లీ పెళ్లి ఆలోచన ఏమైనా ఉందా? నిజం రాస్తే కత్తి చేస్తాను. దాచితే నీలం దారం వెనక్కి పంపుతాను.

ఆంబ్రోజ్


లె ఫావ్
16 ఏప్రిల్ 1961

పెదనాన్నకు,

నిజమే కావాలన్నారు కదా, ఇదిగో చదవండి.

ఈ ఇంట్లో మామగారు కాసిమిర్ కత్తి తెరిస్తే భోజనం మొదలు, మూస్తే ఆఖరు. ఆయన టక్కున మూశాడంటే కొడుకులూ పనివాళ్లూ నోట్లో ఉన్నది మింగి కత్తులు మూసి లేస్తారు. ఆ చప్పుడుకు ముందు బల్ల దగ్గర అన్న మాట మాటే, కాగితం అక్కర్లేదు. దాని తర్వాత అన్నది గాలి. ఆడవాళ్లకు కత్తి లేదు కనుక మేము అసలు లెక్కలోనే లేము. వడ్డిస్తూ నిలబడే తింటాం. పద్నాలుగేళ్లుగా నేను ఈ ఇంట్లో ఏ మాట మొదలుపెట్టినా ఆయన కత్తి మూసేస్తాడు. ఆవుకు జబ్బు చేసిందన్నా మూసేస్తాడు. మా ఆయన మత్యూకు జ్వరం దిగడం లేదు, డాక్టర్ని పిలవండి అని నేనన్న రోజు కూడా మూశాడు. ఆ సంగతి మీకు చావు కబురులో రాయలేదు.

మత్యూ ఏడు చలికాలాలు పారిస్‌లో బొగ్గు బస్తాలు మోశాడు, ఆరేసి అంతస్తులు వీపు మీద. ఆ డబ్బుతో ఇక్కడ పెద్దరాళ్ల బీడు కొన్నాడు. నలభై హెక్టార్ల వేసవి గడ్డి. పెద్దవాడు బతికుండగా కొడుకు పేర రాయించడం మర్యాద కాదని తండ్రి పేర రాయించాడు. ఆ రోజు బల్ల దగ్గర మామగారు అందరూ వినేలా, "కాగితం నాది, గడ్డి నీదీ నీ పిల్లలదీనూ" అని కత్తి మూశాడు. నేను సూపు గిన్నె పట్టుకుని వెనకే ఉన్నాను.

ఇప్పుడు ఆ బీడు మరిది ఫెర్నాన్‌కు రాసిస్తారట. పెంతెకోస్తు ఆదివారం నోటరీ గారు భోజనానికి వస్తున్నాడు. ఆ రోజు మామగారు మాట అని కత్తి మూస్తే, ఓదిల్‌కు తండ్రి వీపు మీద మోసినదాంట్లో గడ్డిపోచ కూడా మిగలదు. ఫెర్నాన్ పనివాడు కాదు, పేకాటవాడు. వాడి కత్తికి పదును పెట్టేది కూడా వాడి పెళ్లామే.

మీవాళ్లకు ఆవు తోక పట్టుకోవడమే చేతనవునని రాశారు. ఈ మెట్టవాళ్ల మీద మీకెంత చులకనో నాకు తెలుసు, నాకు అంతకన్నా ఎక్కువే ఉంది. కానీ పెదనాన్నా, గురివింద గింజ తన నలుపెరగదట. మీ బల్ల దగ్గర నేను పుట్టి పెరిగాను. మీరూ నాన్నా తాతా కూర్చునేవారు. మా అమ్మ నిలబడి తినేది. మీరు కత్తి మూసి లేచాక మీ పళ్లెంలో మిగిలిన సాసును రొట్టెతో తుడుచుకుని తినేది. పగలంతా ఆవిడ మీ కత్తులకే మెరుగు పెట్టేది, రోజుకు నూట నలభై నాలుగు. ఒక్క కత్తీ ఆవిడది కాదు. మీకు జ్ఞాపకం ఉందా? నాకుంది.

వేరే పార్సిల్లో రెండు కొమ్ములు పంపుతున్నాను. మత్యూ మొదటి ఆవువి. పిడికి పనికొస్తే వాడండి. ఇంత రాశాక కూడా చేయాలనిపిస్తేనే చేయండి.

లియోనీ


తియేర్
9 మే 1961

లియోనీ,

కత్తి పంపుతున్నాను.

పాత ఉక్కు. ఆపిల్ కోస్తే నల్లబడుతుంది, భయపడకు, అది మచ్చ కాదు, వయసు. పిడి ఒక కొమ్ము కొసతో చేశాను. అక్కడే కొమ్ము గట్టిగా, నిండుగా ఉంటుంది. మొదలు అంతా బోలు, దువ్వెనలు చేసుకోవడానికి తప్ప పనికిరాదు. తేనెటీగ పెట్టలేదు. నీ దారం కొలతకు గోరంత పెంచాను. నెలకొకసారి కీలులో ఒక్క చుక్క నూనె వెయ్యి, రెండు వేశావో దుమ్ము పడుతుంది.

కమాను మామూలు కన్నా బిగువుగా పెట్టాను. ఇలాంటి పని పద్నాలుగో ఏట పనిలో చేరింది మొదలు ఇంతవరకు చేయలేదు, చేసినవాణ్ణి చూస్తే ఉమ్మేవాణ్ణి. బొటనవేలితో మెల్లగా దించినా చివర్లో దానంతట అదే చప్పుడు చేస్తుంది. కాబట్టి వదిలేయకు. వదిలేస్తే వాదర పోతుంది.

తెరిచేటప్పుడు తొట్రుపడకు. గోరు గాడిలో పెట్టి, అలుగును కాదు, పిడిని తిప్పు. అద్దం ముందు వందసార్లు చెయ్యి. వాళ్లు చూసేది అదే.

కత్తి ఊరికే ఇస్తే చుట్టరికం తెగుతుందని నాణెం పంపుతారు. నువ్వు పంపకు. నువ్వు రాసిన ఉత్తరం తర్వాత మన మధ్య తెగడానికి ఏం మిగిలింది గనక?

రెండో కొమ్ము నా దగ్గరే ఉంది.

ఆంబ్రోజ్


లె ఫావ్
24 మే 1961

పెదనాన్నకు,

రేపు మందలు కొండెక్కుతాయి. ఆవుల మెడలకు గంటలు కడుతూ మధ్యలో వచ్చి రాస్తున్నాను, చేతిరాత క్షమించండి.

ఆదివారం పన్నెండు గంటలకు అందరూ కూర్చున్నారు. మామగారు, ఫెర్నాన్, ఎనిమిది మంది పనివాళ్లు, నోటరీ గారు. ఆయనకు సొంత కత్తి లేదు, వంటింటి కత్తి ఇచ్చాం. పనివాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. తోడికోడలు అడెల్ గిన్నె పట్టుకుని నిలబడింది. నేను నా గిన్నె బల్ల మీద పెట్టి, మత్యూ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మూడేళ్లుగా ఆ కుర్చీలో పిల్లి పడుకుంటోంది. పిల్లిని దించాను. మామగారు కత్తి తెరవగానే నేనూ అప్రాను జేబులోంచి తీసి తెరిచాను. వందసార్లు కాదు, నాలుగు వందల సార్లు చేశాను అద్దం ముందు. తొట్రుపడలేదు.

మామగారు చూసి, "ఏంటమ్మాయ్, బఠాణీలు ఒలవడానికా?" అన్నాడు.

బల్లంతా గొల్లుమంది. ఫెర్నాన్ అయితే, "కాదు నాన్నా, వదినకు మీసాలొస్తున్నాయి, గీసుకోవడానికి" అన్నాడు. ఆ మాటకు నోటరీ గారు కూడా నవ్వాడు. నేను రొట్టె కోసుకున్నాను.

జున్ను దాకా వచ్చాక మామగారు నోటరీ వైపు తిరిగి, "పెద్దరాళ్ల బీడు ఫెర్నాన్‌ది. రాసుకోండి" అని టక్కున కత్తి మూశాడు. తొమ్మిది కత్తులు ఆ వెంటే మూతపడ్డాయి. బెంచీలు కదిలాయి. నేను జున్ను పెచ్చు గీస్తూ కూర్చున్నాను.

"భోజనం అయిపోయింది" అన్నాడు మామగారు.

"మీది అయిపోయింది మామగారూ. నాది ఇంకా కాలేదు."

"నేను మూశాను కదా!"

"మీరు మీ కత్తి మూశారు. నాది తెరిచే ఉంది. తెరిచిన కత్తి ముందు నుంచి పళ్లెం తీయకూడదు, మాట ముగించకూడదు అని మీ నాన్నగారు గడ్డి కోసే కూలీలకు కూడా చెప్పేవారట. ఏడాదికి పదిసార్లు మీరే చెబుతారు."

ఫెర్నాన్ లేచి, "ఏంటీ వేషాలు, ఇటివ్వు!" అంటూ నా కత్తి మీదికి చెయ్యి చాపాడు. వాడి వేలు తగిలిందో లేదో, మామగారు చేతికర్రతో వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చాడు.

"ఒరేయ్ దరిద్రుడా! ఒకరి కత్తి మీద ఇంకొకరు చెయ్యేస్తారురా ఈ ఇంట్లో?"

పెదనాన్నా, అప్పుడు నాకు అర్థమైంది. ఈ మనిషికి నేనంటే లెక్క లేదు, మనవరాలంటే లెక్క లేదు, చచ్చిన కొడుకంటే లెక్క లేదు. కత్తి అంటే ఉంది. నా చేతిలో కత్తి లేని పద్నాలుగేళ్లూ నేను మనిషిని కాను. ఆ క్షణాన నాకు ఆయన మీద భయం పోయింది. అసహ్యం మిగిలింది. అది భయం కన్నా చాలా తేలిక, దాంతో జున్ను కూడా మింగుడు పడింది.

ఎవరూ లేవలేదు. లేవడానికి వీల్లేదు. నేను పెచ్చు గీస్తున్నాను, దారమంత సన్నగా. రెండు కొట్టింది, మూడు కొట్టింది. నోటరీ గారు గడియారం చూసుకుని, "నాకు ఇంకో ఊళ్లో పని ఉందండీ" అన్నాడు. "కూర్చోండి" అన్నాడు మామగారు, తల తిప్పకుండానే. నాలుగు దాటాక పాలు పిండలేదని కొట్టంలో ఆవులు అరవడం మొదలుపెట్టాయి. పెద్ద పాలేరు ముళ్ల మీద కూర్చున్నట్టు అటూ ఇటూ కదిలాడు గాని లేవలేదు. అప్పుడు మామగారు తన కత్తి తీసి, గోరు గాడిలో పెట్టి మళ్లీ తెరిచాడు. ఒకసారి మూసిన కత్తి అదే భోజనంలో ఆయన తెరవడం ఆ బల్ల దగ్గర ఎవరూ చూసి ఉండరు.

"సరే, మాట్లాడి చావు" అన్నాడు.

"ఎక్కువ లేదు మామగారూ. మత్యూ బీడు కొన్న రోజు మీరు ఇక్కడే కూర్చుని, కత్తి మూసే ముందు ఒక మాటన్నారు. ఆ మాట మళ్లీ అనండి, నోటరీ గారు వినలేదు."

ఆయన చాలాసేపు నమిలాడు. నోట్లో ఏమీ లేదు, ఉత్తినే నమిలాడు. ఫెర్నాన్, "నాన్నా, నువ్వు నాకు మాటిచ్చావు" అన్నాడు. "దానికి ముందు ఇంకొకడికి ఇచ్చానురా, నోర్ముయ్" అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా నోటరీకి చెప్పాడు. "కాగితం నాది, గడ్డి వాడిదీ వాడి పిల్లలదీ. ఓదిల్ కెరోల్ పేర రాయండి."

నేను కత్తి మూశాను. ఆయన కన్నా ముందు మూశాను. బొటనవేలితో దించలేదు, మీరు చెప్పింది జ్ఞాపకం ఉండే దించలేదు. వదిలేశాను. టప్పుమంది. కొట్టంలో ఆవులు కూడా ఒక్క క్షణం ఆగాయని అడెల్ అంటుంది. పనివాళ్లంతా లేచి నిలబడ్డారు, నా చప్పుడుకు. బల్ల మీద తెరిచిన కత్తి ఒక్క మామగారిదే మిగిలింది.

ఆయన ఏమన్నాడో తెలుసా? "ఆ మూయడం ఏంటమ్మా మొద్దుదానిలాగ! వాదర పోదూ?" అన్నాడు. ఇంకేం అనలేదు.

పోయింది కూడా. నడి అలుగు మీద ఆవగింజంత గంటు. ఈ పార్సిల్లో కత్తి పెట్టాను. సాన పట్టి ఆ గంటు తీసేయగలరా? తిట్టండి, ఈసారి తిట్లు నాకు చెల్లుతాయి.

లియోనీ


తియేర్
4 జూన్ 1961

లియోనీకి,

నీ కత్తి వెనక్కి పంపుతున్నాను. ఉన్నది ఉన్నట్టే.

భూతద్దం కింద పెట్టి చూశాను ఆ గంటును. సిగ్గుచేటు. చంటిపిల్లాడు కూడా కత్తిని అలా మూయడు. రెండు నిమిషాల పని, రాయి మీద నాలుగుసార్లు నడిపితే పోతుంది. నడపను. ఎవరితో నడిపించినా నా ఇంటి గడప తొక్కకు. రొట్టె కోసేటప్పుడు అక్కడ కాస్త పట్టుకుంటుంది. పట్టుకోనీ.

చిన్న పనులకే అని రాశావు మార్చిలో. రొట్టె, జున్ను, దారం ముక్క. అబద్ధాలకోరుదానా! నలభై హెక్టార్లు కోసుకున్నావు దాంతో.

మీ అమ్మ సంగతి. జ్ఞాపకం ఉందా అని అడిగావు. లేదు. ఇరవై రోజులు కూర్చుని గుర్తు చేసుకోవాలని చూశాను. ఆవిడ చేతులు గుర్తున్నాయి, మెరుగు మందుకు నల్లబడి ఉండేవి. తింటూ ఉండగా ఒక్కసారి కూడా చూసినట్టు గుర్తు లేదు. ఒకే ఇంట్లో పంతొమ్మిదేళ్లు ఉన్నాం. ఎదుటివాడి కత్తిలో వెంట్రుకంత సందు కనిపెట్టే కళ్లు ఇవి. నా మీద నేను ఉమ్మేసుకోవాలంటే ఈ వయసులో గురి కుదరడం లేదు.

రెండో కొమ్ముతో ఇంకో కత్తి చేశాను. కమాను మెత్తగా పెట్టాను, అసలైన పద్ధతిలో. ఈ మధ్యాహ్నం దాన్ని బెర్త్ పళ్లెం పక్కన పెట్టాను. పక్కన అంటే, ముందు పళ్లెం పెట్టాల్సి వచ్చింది, దానికి బల్ల మీద పళ్లెం లేదు. "కూర్చో" అన్నాను. థాంక్స్ చెబుతుందనుకున్నాను. ఏడుస్తుందేమోనని కూడా భయపడ్డాను.

అది కత్తి తీసుకుని, మూసి వెలుతురుకు ఎత్తి చూసింది. తెరిచి అటూ ఇటూ ఊపింది. కళ్లు మూసుకుని గోరు రాసింది. నేను నీకు రాసిన ఉత్తరాలన్నీ పోస్టులో వేసేది అదేగా, చదివి వేస్తుందని నాకేం తెలుసు!

"నేనీ ఇంటికి వచ్చిన పదకొండేళ్లకు తట్టిందా మీకు?" అంది. కూర్చుంది. సూపు తాగింది. మాంసం సన్నగా, ముక్క ముక్కగా కోసుకుని తింది. నేను తినడం ఎప్పుడో అయిపోయింది. అలవాటు కొద్దీ కత్తి మూశాను. మా అబ్బాయి లేవబోయాడు. బెర్త్ వాడి వైపు చూసింది. వాడు కూర్చున్నాడు.

తర్వాత ఆపిల్ తీసుకుంది. తొక్క తెగకుండా ఒకే చుట్టుగా తీస్తోంది. అది అయ్యాక జున్ను అడిగింది, మా అబ్బాయి లేచి తెచ్చిపెట్టాడు. ఇప్పుడు రొట్టె మీద గసగసాలు ఒక్కొక్కటే కత్తి మొనతో ఏరుకుంటోంది. పదకొండేళ్ల ఆకలి అది, తొందరేముంది దానికి!

ఈ ఉత్తరం నేను బల్ల దగ్గరే రాస్తున్నాను, లియోనీ. కాగితం, కలం మా అబ్బాయి అందించాడు. మోకాళ్లు పట్టేశాయి, నాలుగు కావస్తోంది. లేవలేను. బెర్త్ ఇంకా కత్తి మూయలేదు.

ఆంబ్రోజ్